రేపంటే ఎన్ని రోజులు?

మా నాన్న కందుకూరులో టైలరు. సంక్రాంతికి పది రోజుల ముందు నుంచీ షాపు మెట్ల మీద జనం కూర్చుని ఉండేవాళ్ళు. నాన్న అందరికీ ఒకటే మాట చెప్పేవాడు, "రేపు రా అబ్బయా." నేను బడి నుంచి వచ్చి, కాజాలు కుట్టే అత్త పక్కన కూర్చుని, గుండీలు అందిస్తా వింటుండేదాన్ని. కొన్నాళ్ళకి ఆ రేపుల్లో తేడాలు పట్టేశాను. గుడ్డ ఇంకా మూటలోనే ఉంటే తలెత్తకుండా "రేపు" అనేవాడు. కుట్టు అయిపోయి కాజాలు మిగిలుంటే "రేపు సాయంత్రం". ఇస్త్రీ ఒక్కటే బాకీ అయితే "పోయి టీ తాగి రా". మొదటి రకం రేపంటే వారం. నాన్న సంగతి తెలిసినవాళ్ళు ఎప్పుడిస్తావని అడిగేవాళ్ళు కాదు, "నా గుడ్డ ఎక్కడుంది, చూపించు" అనేవాళ్ళు.

ఇరవై ఏళ్ళకు పైగా నేను జీతం తీసుకుంటున్నది ఆ రెండో మాట అడగడానికే. విజిటింగ్ కార్డు మీద మాత్రం గ్లోబల్ సోర్సింగ్ హెడ్ అని ఉంటుంది. యూరప్‌లో దుకాణాలున్న ఒక కంపెనీకి ఇండియా, బంగ్లాదేశ్, వియత్నాంలలో బట్టలు కుట్టించి, ఒప్పుకున్న తేదీకి ఓడెక్కించడం నా టీం పని. ఇన్నేళ్ళలో నాకు బాగా బుద్ధొచ్చింది ఢాకాలోనో హోచిమిన్‌లోనో కాదు. మా ఇంటికి రెండు గంటల దూరంలో, కోవూరు పక్కన పాటూరులో. అదీ నా తప్పు వల్లే. ఆ సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

కావలి జవహర్ భారతిలో డిగ్రీ, చెన్నైలో గార్మెంట్ల డిప్లొమా, 2003లో తిరుప్పూరులో జూనియర్ మర్చండైజర్. మర్చండైజర్ అంటే కొనేవాడికీ కుట్టేవాడికీ మధ్య నిలబడి ఇద్దరి చేతా తిట్లు తినే మనిషి. తిరుప్పూరులో టీషర్టు ఒక కప్పు కింద తయారు కాదు. నూలు ఒకచోట, అల్లిక ఇంకోచోట, అద్దకం ఊరి బయట, ప్రింటు మరో సందులో, కుట్టు వేరే షెడ్డులో. వీటన్నిటి మధ్యా మోపెడ్ వేసుకుని తిరగాలి. చేరిన నెలలోనే ఒక అద్దకం వాళ్ళు నాలుగు రోజులు వరసగా "నాళైక్కు మేడం" అన్నారు. నాళైక్కు అంటే రేపే. ఐదో రోజు లోపలికి పోయి టార్పాలిన్ ఎత్తి చూశా. మా రోల్స్ తెల్లగా, పంపినవి పంపినట్టే ఉన్నాయి. నాన్న షాపులో మూట గుర్తొచ్చింది.

ఆ రోజుల్లో ఇంకా కోటాలుండేవి. ఏ దేశం నుంచి ఎన్ని చొక్కాలు, ఎన్ని ప్యాంట్లు కొనాలో అమెరికా, యూరప్ వాళ్ళు ముందే లెక్క కట్టేవాళ్ళు. 2005 జనవరి 1తో అది పోయింది. మాకు పండగే అనుకున్నాం గానీ చైనాకి అంతకన్నా పెద్ద పండగయింది. 2011 జనవరిలో నొయ్యల్ నది కాలుష్యం మీద మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లు మూసేయమన్నప్పుడు బట్టని లారీలకెత్తి వేరే ఊళ్ళకీ, పక్క రాష్ట్రాలకీ పంపి రంగు వేయించాం. అప్పటికి నేను బెంగళూరుకి మారాను. ఊరు మారినా మూటలు వెతకడం తప్పలేదు.

ఈ పనిలో లెక్క వెనక నుంచి ముందుకి వస్తుంది. బట్ట అంగట్లో వేలాడాల్సిన రోజు మొదట ఖాయమవుతుంది. అక్కణ్ణుంచి ఓడ ప్రయాణం తీసేయాలి, కుట్టు తీసేయాలి, గుడ్డ తయారీ తీసేయాలి, శాంపిళ్ళు తీసేయాలి. డిజైనరు టెక్ ప్యాక్ అని ఒక కాగితాల కట్ట పంపుతాడు. అందులో ప్రతి కుట్టూ ఎన్ని మిల్లీమీటర్లో ఉంటుంది. దాని మీద రంగుకి ల్యాబ్ డిప్ (చిన్న ముక్కకి రంగేసి చూపించేది), కొలతకి ఫిట్ శాంపిల్, చివరికి ప్రొడక్షన్ ముందు పీపీ శాంపిల్. ఒక్కోటి కొరియర్లో పోవాలి, ఒప్పుకున్నామని మెయిల్ రావాలి. నీలిరంగు కొంచెం ఎర్రగా ఉందని ల్యాబ్ డిప్ రెండుసార్లు తిరిగొస్తే రెండు వారాలు గంగలో కలిసినట్టే, కానీ చివరి తేదీ మాత్రం జరగదు. మామూలు కాటన్ చొక్కాకి అన్నీ కుదిరితే మూడు నాలుగు నెలలు. చొక్కా తయారీ ఖర్చులో సగానికి మించి గుడ్డదే. కాబట్టి గుడ్డ పట్టుకున్నవాడే కథ నడుపుతాడు. కుట్టేవాడి చేతిలో ఉన్నది కాస్త మజూరీ. బేరం మాత్రం ఎప్పుడూ దాని మీదే జరుగుతుంది.

ఢాకాకి 2009 నుంచి పోతుండేదాన్ని. అప్పట్లో బంగ్లాదేశ్ బట్టకి యూరప్‌లో సుంకం లేదు, మన బట్టకి ఉండేది. ఆ ఒక్క తేడాకే ఆర్డర్లు అటు పారేవి. అక్కడి భాషలో 'కాల్' అంటే రేపూ అవుతుంది, నిన్నా అవుతుంది. ఒక ఫ్యాక్టరీ మేనేజరు కార్టన్ల గురించి 'కాల్' అన్నాడు. వచ్చేశాయనుకుని నేను ఇన్‌స్పెక్షన్‌కి మనుషుల్ని పంపించాను. మా నాన్న కూడా ఇంత తెలివైన మాట కనిపెట్టలేకపోయాడు.

2013 ఏప్రిల్ 24 గురించి తేలిగ్గా రాయలేను. ఢాకా పక్కన సావర్‌లో, బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలిన రోజు. ముందు రోజే గోడల్లో, స్తంభాల్లో పగుళ్ళు కనిపించాయి. కింద ఉన్న బ్యాంకు మూసేశారు. పైన బట్టలు కుట్టేవాళ్ళని మాత్రం పొద్దున్నే పనికి పిలిచారు. 1,134 మంది పోయారు. ఆ రోజు బెంగళూరు ఆఫీసులో మేము చేసిన పని ఇదీ: ఆర్డర్ల లిస్టు తీసి ఆ భవనంలో మాదేమన్నా ఉందా అని వెతికాం. లేదు. హమ్మయ్య అన్నాం. సాయంత్రం ఢాకాలో మా క్వాలిటీ కుర్రాడు ఫోన్లో, "మేడం, మన ఫ్యాక్టరీ వాళ్ళు పని ఎక్కువైతే బయట ఇస్తుంటారు కదా, ఎక్కడిస్తారో మనం ఎప్పుడన్నా అడిగామా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మా బట్ట ఆ భవనంలోకి ఎప్పుడూ పోలేదని ఈ రోజుకీ ఒట్టేసి చెప్పలేను. తర్వాతి నెలలో బ్రాండ్లు, కార్మిక సంఘాలు కలిసి ఫ్యాక్టరీల భద్రత మీద అకార్డ్ అనే ఒప్పందం రాసుకున్నాయి. ఇంజనీర్లు వచ్చి ఫ్యాక్టరీల పిల్లర్లు, తలుపులు, మెట్లు చూడడం మొదలైంది. ఆ సంవత్సరం మేము ఫ్యాక్టరీలకి ఇచ్చిన ధరలు మాత్రం ఒక్క సెంటు కూడా పెరగలేదు.

ఇక పాటూరు.

కరోనాలో ఆఫీసు మూతపడి, నేను కందుకూరు వచ్చేశా. మేడ మీద గదిలో ఒక టేబులు, ఇన్వర్టరు, రెండు కంపెనీల సిమ్ములు. అక్కణ్ణుంచే మూడు దేశాలు నడిపాను. 2021 మార్చిలో సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ ఓడ అడ్డం పడి ఆరు రోజులు దారి మూసేసినప్పుడు మా రెండు కంటైనర్లు వెనక క్యూలో ఉన్నాయి. నేను మ్యాపులో చుక్కలు చూస్తా కూర్చుంటే, అమ్మ పక్కింటావిడతో "ఓడ ఇరుక్కుందంట, మా అమ్మాయి తీస్తా ఉంది" అని చెప్పింది.

ఆ వేసవిలోనే పై ఆఫీసు వాళ్ళకి చేనేత మీద మనసు పోయింది. మరుసటి వసంతానికి 2,000 గౌన్లు కావాలి, చేత్తో నేసిన కాటన్, చిన్న గళ్ళు, నీలం తెలుపు. ఎక్కడ నేయిస్తావన్నారు. నాకు వేరే ఊరు తట్టలేదు. చిన్నప్పుడు అమ్మ పెళ్ళిళ్ళకి చీరలు పాటూరు నుంచే తెచ్చేది. ఒక మాస్టర్ వీవరు, అంటే నేతవాళ్ళకి నూలిచ్చి గుడ్డ నేయించే ఆయన దగ్గరికి పోయా, అరవై దాటిన పెద్దాయన. శాంపిల్ ముక్క కిటికీ వెలుగులో పెట్టి రెండు వైపులా చూసి, గోటితో పోగు జరిపి, "చీరలు నేసేవాళ్ళమమ్మా. మీటర్ల గుడ్డంటే అచ్చులు మార్చాల. అయినా నేస్తాం" అన్నాడు. అచ్చంటే మగ్గంలో పడుగుని, అంటే నిలువు పోగుల్ని, వరసలో పట్టి ఉంచేది.

గౌనుకి 2.3 మీటర్లు, మొత్తం 4,600 మీటర్లు. 24 మగ్గాలు, మగ్గానికి రోజుకి ఐదు మీటర్లు. కాలిక్యులేటర్ కొట్టా, 38 రోజులు. మీటరు గుడ్డ 260 రూపాయలు, అందులో నేసినవాళ్ళ మజూరీ 90. అక్టోబర్ 10న మొదలుపెడితే నవంబర్ 25కి అయిపోవాలి. సెలవులకి వారం వదిలాను కూడా. డిసెంబరంతా బెంగళూరు ఫ్యాక్టరీలో కుట్టు, జనవరి 10కి సరుకు చెన్నై రేవుకి. షీటు చూడ్డానికి ముచ్చటగా ఉంది, పచ్చ గడులే తప్ప ఎర్ర గడి ఒక్కటి లేదు.

మొదటి దెబ్బ రంగు దగ్గర. కొన్ని అజో రంగులకి యూరప్‌లో నిషేధం ఉంది కాబట్టి సర్టిఫికెట్ ఉన్న రంగులే కొన్నాం. అయినా రెండు విడతల నీలం పక్కపక్కన పెడితే ఒకటి కాస్త బూడిదగా ఉంది. అద్దకం చేసేవాయన ఒప్పుకోలేదు, అదే రంగు, అదే కొలత అన్నాడు. చివరికి తేలిందేందంటే, మోటారు చెడిపోయి ఒక విడతకి వేరే బోరు నీళ్ళు వాడారు. నీళ్ళలో ఉప్పు తేడా. నూలంతా పక్కన పెడితే నష్టం. అందుకని ఒక్కో విడత నూలు ఒక్కో జట్టు మగ్గాలకి ఇచ్చి, ఒక గౌనులోని ముక్కలన్నీ ఒకే విడత గుడ్డలోంచి కత్తిరించేలా తానులకి నంబర్లు వేశాం. నాన్న గుడ్డ ముక్క చీటీకి గుండుసూదితో గుచ్చి పెట్టేవాడే, అట్లా.

ఇక్కడ ఒక మాట. చీర నేసేవాళ్ళకి చీర చీరకీ కొంచెం తేడా ఉండటం పరువు. కొనే ఆడవాళ్ళు కూడా అదే అడుగుతారు, "పక్కింటావిడ కట్టింది కాకుండా" అని. మేం వచ్చి 2,000 గౌన్లు అచ్చం ఒకేలా ఉండాలంటాం, మళ్ళీ చేత్తో నేసినట్టు కనిపించాలంటాం. మగ్గం మీద కూర్చున్న ఒకావిడ నన్ను అడిగింది, "అన్నీ ఒకటేలాగ కావాలంటే మిల్లుకే పోవచ్చు కదమ్మా?" ఆవిడకి ఏదో చెప్పి తప్పించుకున్నా.

అక్టోబర్ బాగానే నడిచింది. పొద్దున్నే ఐదింటికి వీధిలో పడుగు సాగదీసి, ఇద్దరు ఇటు ఇద్దరు అటు నిలబడి గంజి పెట్టి కుంచెతో దువ్వుతుంటే వీడియో తీసి పై ఆఫీసుకి పంపా. వాళ్ళు మురిసిపోయారు, ప్రచారానికి వాడుకుంటామన్నారు. ఆ వీడియోలో నేను చూడాల్సింది నాకు కనపడలేదు. ఆ పడుగు ఎండకి ఆరాలి.

దీపావళి వెళ్ళింది, కార్తీకం వచ్చింది. మా వైపు వానలంటే ఈశాన్య రుతుపవనాలే, అక్టోబరు నుంచి డిసెంబరు. రాష్ట్రంలో మిగతావాళ్ళు ఆషాఢంలో తడిస్తే మేము కార్తీకంలో తడుస్తాం. ఇది నాకు తెలియదంటే ఎవరూ నమ్మరు. బంగ్లాదేశ్ ఆర్డర్లకి ఈద్ సెలవులు, వియత్నాంకి టెట్ పండగ, చైనా నూలుకి వాళ్ళ కొత్త సంవత్సరం, అన్నీ క్యాలెండర్లో గుర్తు పెట్టుకున్నదాన్ని. మా ఊరి వానని ఎక్కించడం మర్చిపోయా. భోజనాల దగ్గర విషయం చెబితే నాన్న ముద్ద ఆపి, "కార్తీకంలో పడుగు ఎట్టా ఆరద్ది? ఆ మాత్రం తెలవదా నీకు?" అన్నాడు.

గంజి ఆరలేదు. దానికి తోడు అవి గుంట మగ్గాలు. నేసేవాళ్ళు నేల మీద కూర్చుని కాళ్ళు గుంటలో పెట్టి తొక్కాలి. "వానలకి గుంటలో ఊటొచ్చిందమ్మా. చెంబుతో తోడతన్నాం, మళ్ళీ ఊరతంది. కాళ్ళు పెట్టేదానికి లేదు" అన్నాడు పెద్దాయన. ఎప్పటికవుతుందంటే, "రేపు కొంచెం తెరిపిస్తే..." అన్నాడు. అది మొదటి రకం రేపు.

నవంబర్ 20న పెన్నా పొంగింది. సోమశిల నుంచి వదిలిన నీళ్ళు కోవూరు వైపు వచ్చేశాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది. ఊరి పేరులోనే పడుగు ఉంది చూడండి. చెన్నై, విజయవాడల మధ్య లారీలు ఎక్కడివక్కడ నిలబడిపోయాయి. పాటూరుకి ఫోన్లు కలవలేదు. కందుకూరులో కూర్చుని, ఆ ఇళ్ళలో మనుషులు ఎట్లా ఉన్నారో కనుక్కోవడానికి ముందు, 2,850 మీటర్ల గుడ్డ ఎక్కడుందని ఆలోచించాను. ఇది రాయకుండా వదిలేయొచ్చు. కానీ జరిగింది అదే.

రెండో రోజు రాత్రి పెద్దాయనే చేశాడు. "మడుసులం బాగుండాం. నేసిన గుడ్డ మొత్తం అటక మీద పెట్టించా. నువ్వేం దిగులు పెట్టుకోబాకమ్మా." నేను అడగకముందే గుడ్డ ఎక్కడుందో చెప్పాడు.

దారి తెరిచాక ఆ 2,850 మీటర్లు బెంగళూరు చేరాయి. దాదాపు 1,240 గౌన్లకి సరిపోతాయి. మిగిలిన 760 గౌన్ల గుడ్డ మగ్గం మీదకి ఎక్కాలంటే గుంటలు ఆరాలి. డిసెంబర్ మూడో వారం దాకా సగం మగ్గాలే ఆడాయి.

ఇన్‌స్పెక్షన్‌లో ఇంకో తంటా. పెద్ద ఆర్డర్లకి బట్టలన్నీ ఎవరూ విప్పి చూడరు. ఎన్ని తీసి చూడాలో, ఎన్ని లోపాల దాకా ఒప్పుకోవచ్చో చెప్పే ఏక్యూఎల్ పట్టిక ఉంటుంది. మా లాటు సైజుకి 125 గౌన్లు తీసి చూడాలి, మామూలు 2.5 స్థాయిలో ఏడు పెద్ద లోపాల దాకా పాస్, ఎనిమిదోది కనపడితే ఫెయిల్. మాకు 11 వచ్చాయి. పోయి చూస్తే అందులో ఎనిమిది నూలు ముడులు, లావు పోగులు. మిల్లు గుడ్డలో అయితే లోపమే. చేతి మగ్గం మీద పోగు తెగితే మనిషి ముడేస్తాడు, ఆ ముడి ఎక్కడికి పోతుంది? తప్పు ఇన్‌స్పెక్టరుది కాదు, అతనికి మేమిచ్చిన కాగితం మిల్లు గుడ్డకి రాసింది. ఒక అట్ట మీద నాలుగు ముక్కలు కుట్టాం: ఈ ముడి పర్వాలేదు, ఈ ముడి వెనక వైపుంటే పర్వాలేదు, ఈ లావు పోగు ఛాతీ మీద వద్దు, ఈ చిరుగు అసలొద్దు. పై ఆఫీసు వాళ్ళు వీడియో కాల్లో చూసి ఒప్పుకున్నారు. ఆర్డరు ఇచ్చిన రోజే చేయాల్సిన పని అది. కొత్తగా చేనేత కొనేవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, ముందు ఆ అట్ట తయారు చేసుకోండి.

1,240 గౌన్లు జనవరి 18న ఓడెక్కాయి, మిగతావి ఫిబ్రవరి మధ్యలో. ఆ ఏడాది కంటైనర్ దొరకడమే గగనం, కిరాయిలు ఎన్నో రెట్లయ్యాయి. విమానంలో పంపితే గౌను కుట్టించిన లాభం గాల్లోనే పోతుంది.

అసలు తిప్పలు ఆ తర్వాత. ఆలస్యానికి ఆర్డరు మొత్తం మీద 8 శాతం కోత అని పై ఆఫీసు ప్లానింగ్ వాళ్ళ దగ్గర నుంచి మెయిల్ వచ్చింది. మామూలుగా వచ్చే మెయిలే. ఇట్లాంటివి నా చేతి మీదుగా ఎన్ని పోయాయో. సంతకం పెట్టడం, ఫ్యాక్టరీకి పంపడం. వాళ్ళు రెండు రోజులు గొడవ పడి ఊరుకుంటారు. ఊరుకుని ఏం చేస్తారో మాకు అక్కర్లేదు.

ఈసారి కింద ఎవరున్నారో తెలుసు. పెన్సిలు తీసుకుని లెక్క వేశా. గౌను 14 డాలర్లు, 2,000 గౌన్లు, 28,000 డాలర్లు. 8 శాతం అంటే 2,240 డాలర్లు, అప్పటి రేటుకి లక్షా అరవై ఏడు వేల రూపాయలు. ఫ్యాక్టరీ దాన్ని గుడ్డ ఇచ్చినాయన మీద వేస్తుంది. ఆయన మజూరీలో కోయక తప్పదు. మొత్తం ఆర్డరుకి నేతవాళ్ళ మజూరీ నాలుగు లక్షల పద్నాలుగు వేలు. అంటే పైన కాగితం మీద 8 శాతం, పాటూరులో దిగేసరికి 40 శాతం. ఆ మెయిల్ రాసిన అమ్మాయి మంచిదే, ఆమెకి ఈ లెక్క తెలిసే దారి లేదు. తెలియాల్సింది నాకు.

కొనుగోలు ఒప్పందంలో ప్రకృతి వైపరీత్యాల క్లాజు ఉంది కదా అని తీసి చూశా. ఫ్యాక్టరీ మునిగితే వర్తిస్తుంది. బెంగళూరు ఫ్యాక్టరీ మునగలేదు. మునిగింది నేతవాళ్ళ కాళ్ళ గుంట, దానికి క్లాజు లేదు. అప్పుడు మోటుపల్లి శాసనం గుర్తొచ్చింది. మోటుపల్లి పాతకాలపు ఓడరేవు, అప్పటికి మా ప్రకాశం జిల్లాలోదే, ఇప్పుడు బాపట్లకి పోయింది. 1244-45లో కాకతి గణపతిదేవుడు అక్కడ అభయ శాసనం వేయించాడు. తుపానుకి దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకుని అంతకుముందు రాజులు లాక్కునేవాళ్ళట. ఇకమీదట న్యాయమైన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోము అన్నాడాయన. గాలివానకి నష్టపోయినవాడిని రెండోసారి దోచకూడదన్న మాట దాదాపు ఎనిమిది శతాబ్దాల కిందటే మా తీరంలో రాతి మీద ఉంది. మా లీగల్ వాళ్ళ కాగితంలో లేదు. ఈ సంగతి నిజంగానే మీటింగులో చెప్పాను. ఒక నిమిషం నిశ్శబ్దం, తర్వాత ఎవరో "ఇంట్రెస్టింగ్" అన్నారు. కదిలించింది మాత్రం శాసనం కాదు, 40 శాతం లెక్క. కోత 3 శాతానికి దిగింది. అది ఫ్యాక్టరీ మీద వేయకుండా నా శాంపిళ్ళ బడ్జెట్లో రాసుకున్నా. క్యాలెండరు వేసింది నేనే కాబట్టి.

అప్పటి నుంచి నా టీంలో రెండు పద్ధతులు మారాయి. తేదీ అడిగిన ప్రతి ఫోన్లో సరుకు ఎక్కడుందో ఫొటో అడుగుతాం, మూటలో ఉందా, మగ్గం మీద ఉందా, కత్తెర దగ్గరా, ఇస్త్రీ దగ్గరా. చేనేత గుడ్డ ఏదైనా సంక్రాంతి తర్వాతే మొదలుపెట్టి వేసవిలో నేయిస్తాం. ఫ్యాషన్ వాళ్ళకిది మింగుడు పడదు, ఏడాది ముందే రంగు చెప్పాలంటే గోల పెడతారు. కోత మెయిల్స్ మీద సంతకం ఇప్పటికీ పెడుతున్నా, కాకపోతే కింద దాకా లెక్క వేశాకే. కొన్ని వెనక్కి పంపుతా. అన్నీ కాదు.

గౌన్లు బాగానే అమ్ముడుపోయాయి. మళ్ళీ ఆర్డరొస్తుందనే అనుకున్నాం. పై ఏడాది డిజైనరు మారాడు, ఆయనకి లినెన్ ఇష్టం. పెద్దాయన మగ్గాల మీద లినెన్ నేయరు.

2022 ఏప్రిల్లో జిల్లాలు మారి మా కందుకూరు కూడా నెల్లూరులో కలిసింది. అప్పుడు పాటూరుదీ మాదీ ఒకే జిల్లా అయింది. ఆ ఎండాకాలం అమ్మకి చీర కొందామని పోయి పెద్దాయన ఇంట్లో కూర్చున్నా. మజ్జిగ ఇచ్చారు. అటక కేసి చూస్తే పాత న్యూస్ పేపర్లో చుట్టిన కట్టలు వరసగా ఉన్నాయి. అవేందంటే అచ్చులన్నాడు. మా గళ్ళ గుడ్డ కోసం కొత్తగా కట్టించిన అచ్చులు, మగ్గానికొకటి చొప్పున 24. చీర వెడల్పుకి పనికిరావు. వాటి డబ్బులు ఎవరిచ్చారని అడిగితే నవ్వాడు. నా కాస్టింగ్ షీటులో నూలు ఉంది, రంగు ఉంది, మజూరీ ఉంది, లారీ కిరాయి ఉంది. అచ్చులకి గడి లేదు.

పోయిన సంవత్సరం బెంగళూరులో ఒక చిన్న దుకాణం వాళ్ళకి 600 మీటర్లు ఇప్పించగలిగా, నాలుగు మగ్గాల పని. మిగతా ఇరవై అచ్చులూ అటక మీదే ఉన్నాయి. పెద్దాయన ఫోన్ చేసినప్పుడల్లా ముందు అమ్మానాన్నల బాగు అడుగుతాడు, తర్వాత వానల సంగతి, ఆఖర్న వాటి గురించి అడుగుతాడు.